వెనక సీటు, ఎడమ వైపు

ముందు బరువడుగుతాను.
మగాళ్ళు పది కిలోలు తగ్గించి చెబుతారు,
ఆడవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు.
స్ప్రింగుకి మొహమాటం లేదు, దానికి నిజమే కావాలి,
అందుకని పాత సీటు ఒళ్ళో పెట్టుకుని
బొటనవేలితో నొక్కి చూస్తాను.

త్రియెస్తెలో, శాన్ జాకొమో ఎత్తులో
మా కొట్టు. నలభై రెండేళ్ళుగా
ఈ ఊరి పిర్రల జాతకాలన్నీ నా దగ్గరున్నాయి.
కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు,
ఉత్తినే కూర్చున్నా చాలు, ఉక్కు కరుగుతుంది.

కుర్రాళ్ళొచ్చి పొడుగు సీటు వెయ్యమంటారు,
లోపల జెల్లు, పైన తేనెరంగు తోలు.
వేస్తాను. పావుగంట పరుపులా ఉంటుంది,
రాళ్ళ వీధి దాటేలోగా నడుము తిట్టడం మొదలెడుతుంది.
మెత్తదనం వేరు, సుఖం వేరు.
సీటు ఒంటిని మోయాలి గానీ మింగకూడదు.
అడుగున స్ప్రింగులు, వాటిమీద గోనెపట్ట,
ఆపైన గుర్రపు వెంట్రుకలు, వేళ్ళతో విడదీసి విడదీసి.
దువ్వెన పనికిరాదు, చిక్కే వాటి బలం.

మార్చిలో, బోరా గాలి చెత్తడబ్బాల్ని
వీధి చివరిదాకా తరిమిన మర్నాడు,
నెవియో స్తొక్కా వచ్చాడు, తుంటి ఆపరేషనైన మనిషి,
తండ్రి లాంబ్రెట్టాని నడిపించుకుంటూ.
యాభై ఎనిమిదినాటి బండి. రెండు విడి సీట్లు,
మధ్య జానెడు ఖాళీ.
"ముందుది బాగుచెయ్యండి. వెనకది తుడిస్తే చాలు,
దానిమీద ఎవరూ కూర్చోలేదు.
మా నాన్న ఒక్కరోజు నన్నెక్కించుకోలేదు.
స్ప్రింగు విరిగింది, గుచ్చుకుంటుంది అనేవాడు.
బడికి వానలో నడిచే వెళ్ళాను."
అరవై దాటినవాడు,
ఇంకా తడిబట్టల్లోనే ఉన్నట్టు చెప్పాడు.

ముందుది తేలిక. నురగ పాత బిస్కెట్టులా పొడైంది,
దులిపి పారేశాను. తుంటికి అనువుగా వెనక అంచు
రెండు వేళ్ళ ఎత్తు పెంచి, ముక్కు కాస్త దించాను.
వెనకది తుడవబోతే చెయ్యి ఊరుకోదే.
తొడుగు విప్పాను.
కుడివైపు స్ప్రింగులు కొన్ననాటిలాగే ఉన్నాయి.
ఎడమవైపు మూడూ చచ్చిపోయి ఉన్నాయి.

పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషి అనుకున్నాను మొదట,
నలుగురూ అనుకునేదే.
కానీ కుడి అంచు రేకు మీద గీతలు,
ఒకేచోట, ఒకే వాలుగా, లోతుగా.
గౌన్లు రేకుని గీకవు.

ఆ గీతల్ని నేనెరుగుదును.
మా ఇంట్లో ప్రతి కుర్చీకీ ఉండేవి.
మా అన్న దుయిలియో, పోలియో కాలికి
తొడనుంచి మడమదాకా ఇనుప పట్టీలు,
ఆ కాలు మడవలేక బయటికి చాపి
ఎడమ పిర్ర మీదే బతుకంతా కూర్చున్నవాడు.
ఓడల కర్మాగారంలో నమూనాలు గీసేవాడు.
ఎవరో ఒకాయన రోజూ దింపుతాడనేవాడు.
మలుపు దాకా తనే కుంటుతూ వెళ్ళి అక్కడ ఎక్కేవాడు,
మా కిటికీకి కనబడకుండా.
పేరడిగితే, "మాటల మనిషి కాదులే" అనేవాడు.

శనివారం నెవియో వచ్చాడు.
చెబుదామా మానుదామా అని
నోట్లో దారం పెట్టుకుని కాసేపు తప్పించుకున్నాను.
తర్వాత చెప్పేశాను, బిల్లు చదివినట్టు:
స్ప్రింగులు మూడు,
గుర్రపు వెంట్రుకలు పావుకిలో,
పదకొండేళ్ళు మా అన్న.

అతనేమీ అనలేదు. కోపమే కావచ్చు.
వానలో నడిచిన పిల్లవాడికి
ఇంకొకరి కాలు జవాబవుతుందా, నాకు తెలీదు.
డబ్బు లెక్కపెట్టాడు, రెండుసార్లు తప్పాడు.
స్టాండు వేసిన బండి దగ్గరికి వెళ్ళి,
ముందు సీటు వదిలేసి,
ఆపరేషన్ కాలు రెండు చేతులా ఎత్తి దాటించి
వెనక కూర్చున్నాడు.
ఎదుట ఎవరూ లేరు. చేతులెక్కడ పెట్టాలో తెలియక
ముందు సీటు అంచు పట్టుకున్నాడు.

"కుదిరిందా?" అన్నాను.
"ఎడమవైపు కొంచెం గట్టిగా ఉంది."
"కొత్తవి కదా," అన్నాను,
"కూర్చోగా కూర్చోగా దిగుతాయి."